లింకన్ పార్టీకి దక్షిణాది ఎలా దక్కింది?

అమెరికాలో ఎన్నికలు వచ్చినప్పుడల్లా మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక వాదన తప్పకుండా మొదలవుతుంది. "బానిసత్వాన్ని రద్దు చేసిన లింకన్ రిపబ్లికన్. దక్షిణాదిలో నల్లవాళ్లకు ఓటు లేకుండా చేసింది డెమొక్రాట్లు. మరి ఇప్పుడు నల్లవాళ్లలో ఎక్కువమంది డెమొక్రాట్లకే ఎందుకు వేస్తున్నారు?" అని ఒకరు అడుగుతారు. "1960ల్లో రెండు పార్టీలూ అటువి ఇటు, ఇటువి అటు అయిపోయాయి కదా" అని ఇంకొకరు ఒక్క ముక్కలో తేల్చేస్తారు. అడిగినాయన చెప్పిన రెండు సంగతులూ నిజమే. జవాబు చెప్పినాయన మాటలో మాత్రం సగమే నిజం. రెండు పార్టీలు ఒక సుముహూర్తం చూసుకుని సిద్ధాంతాలు మార్చుకోలేదు. ఆ మార్పు పైనుంచి కిందికి దిగడానికి నలభై ఏళ్ల పైనే పట్టింది. దాన్ని కదిలించింది పార్టీల మనసు మారడం కాదు, ఓటరు జాబితా మారడం.

మిసిసిపీ రాష్ట్రం లెక్క చూడండి. 1936 అధ్యక్ష ఎన్నికల్లో అక్కడ డెమొక్రాట్ రూజ్వెల్ట్‌కు 97 శాతం ఓట్లు వచ్చాయి. 1964లో అదే రాష్ట్రంలో రిపబ్లికన్ గోల్డ్‌వాటర్‌కు 87 శాతం వచ్చాయి. మధ్యలో గడిచింది 28 ఏళ్లే. ఇంత పెద్ద బోల్తా ప్రజాస్వామ్యాల చరిత్రలోనే అరుదు. ఇందులో అసలు విషయం ఇంకొకటుంది. ఆ 97 శాతమూ ఈ 87 శాతమూ దాదాపు అంతా తెల్లవాళ్ల ఓట్లే. 1960 జనాభా లెక్కల ప్రకారం మిసిసిపీలో నల్లవాళ్లు 42 శాతం. కానీ ఓటు వయసొచ్చిన నల్లవాళ్లలో జాబితాకెక్కినవాళ్లు ఏడు శాతం కూడా లేరు.

ఓటు ఎలా తీసేశారు

బానిసత్వం విషయమై ఉత్తర, దక్షిణ రాష్ట్రాల మధ్య జరిగిన అంతర్యుద్ధం 1865లో ముగిసింది. రంగు చూసి ఎవరికీ ఓటు కాదనకూడదని 1870లో 15వ రాజ్యాంగ సవరణ వచ్చింది. కొన్నేళ్లు అది నిజంగానే అమలైంది. ఆ రోజుల్లో మిసిసిపీ నుంచి ఇద్దరు నల్లజాతి సెనేటర్లు వాషింగ్టన్ వెళ్లారు, ఇద్దరూ రిపబ్లికన్లే. 1877లో కేంద్ర సైన్యం కాపలా ఎత్తేసింది. ఆ తర్వాత తుపాకులు, బెదిరింపులు, ఉరితాళ్లు చేసిన పనిని 1890లో మిసిసిపీ కొత్త రాజ్యాంగం కాగితం మీదికి తెచ్చింది. అందులో ఓటు నిబంధనల్లో 'నల్లవాళ్లు' అనే మాటే ఉండదు. ఓటేయాలంటే పోల్ టాక్స్ అనే పన్ను కట్టాలి. రాజ్యాంగంలో ఒక సెక్షన్ ఇస్తే దానికి అర్థం చెప్పాలి. చెప్పిన అర్థం సరైనదో కాదో కౌంటీ (మన జిల్లా లాంటిది) ఆఫీసులో ఉండే తెల్ల గుమాస్తా తేలుస్తాడు. మిగతా దక్షిణ రాష్ట్రాలు ఒక్కొక్కటిగా అదే దారి పట్టాయి.

ఇది ఆఫీసులో ఎలా నడిచేదో తెలియాలంటే ఫ్యానీ లూ హేమర్ కథ తెలియాలి. ఆరేళ్ల వయసు నుంచీ పత్తి ఏరిన మనిషి. నల్లవాళ్లకు ఓటు హక్కు ఉంటుందని నలభై నాలుగేళ్లు వచ్చేదాకా తనకెవరూ చెప్పలేదని ఆవిడే చెప్పేది. 1962 ఆగస్టు 31న మరో పదిహేడు మందితో కలిసి పాత బస్సొకటి ఎక్కి ఇండియనోలా అనే ఊళ్లోని కౌంటీ ఆఫీసుకు వెళ్లింది. అక్కడ ఆవిడ చేతికి రాష్ట్ర రాజ్యాంగంలోని 16వ సెక్షన్ ఇచ్చి దాని భావం రాయమన్నారు. చట్టసమ్మతం కాకపోయినా ఆచరణలో ఉన్న చట్టాలకు సంబంధించిన సెక్షన్ అది అని ఆవిడ చెప్పేది. లాయర్లు సైతం తల గోక్కునే సంగతి. "క్రిస్మస్ గురించి గుర్రానికి ఎంత తెలుసో, దాని గురించి నాకూ అంతే తెలుసు" అని తర్వాత ఆవిడ చెప్పుకుంది. పరీక్ష తప్పింది. తిరుగు ప్రయాణంలో పోలీసులు బస్సు ఆపి, దాని పసుపు రంగు మరీ స్కూలు బస్సులా ఉందంటూ జరిమానా వేశారు. ఇల్లు చేరేసరికి కామందు ఎదురొచ్చాడు. పేరు వెనక్కి తీసుకోకపోతే పొలం వదిలి పొమ్మన్నాడు. పద్దెనిమిదేళ్లుగా పనిచేసిన చోటది. "నేను రిజిస్టర్ చేసుకోబోయింది మీ కోసం కాదు, నా కోసం" అని ఆ రాత్రే వెళ్లిపోయింది.

గుమాస్తా, పోలీసు, కామందు. ముగ్గురూ ముగ్గురే. ఓటు అడిగితే కూడు పోతుందన్నమాట. ఈ యంత్రాంగమంతా డెమొక్రాటిక్ పార్టీదే. దక్షిణాదిలో ఆ పార్టీ ప్రైమరీ, అంటే అభ్యర్థిని ఎంచుకునే పార్టీ లోపలి ఎన్నిక, గెలిస్తే అసలు ఎన్నిక గెలిచినట్టే. ఆ ప్రైమరీలో తెల్లవాళ్లకే ప్రవేశం అనే నిబంధనను సుప్రీంకోర్టు కొట్టేసింది 1944లో.

పోటీ లేని సీట్లు కాబట్టి దక్షిణాది సెనేటర్లు ఇరవై ముప్పై ఏళ్లు కదిలేవాళ్లు కాదు. సెనేట్‌లో కమిటీల అధ్యక్ష పదవులు సీనియారిటీని బట్టి వస్తాయి. దాంతో ముఖ్యమైన కమిటీలన్నీ వాళ్ల గుప్పిట్లోనే ఉండేవి. అక్కడ చర్చకు గడువు లేదు కనుక గంటల తరబడి, రోజుల తరబడి మాట్లాడుతూ బిల్లును ఆపేయొచ్చు. దాన్నే ఫిలిబస్టర్ అంటారు. రూజ్వెల్ట్ అంతటివాడు కూడా వీళ్లను కాదని బండి నడపలేకపోయాడు. 1935 సోషల్ సెక్యూరిటీ చట్టంలో పొలం పనివాళ్లనూ ఇళ్లలో పనిచేసేవాళ్లనూ మొదట చేర్చలేదు. దక్షిణాదిలో నల్లవాళ్లలో ఎక్కువమంది చేసేవి ఆ పనులే.

ఒకే కప్పు కింద రెండు లోకాలు

మరి నల్లవాళ్లు ఆ పార్టీలోకి ఎలా వచ్చారు? చిక్కుముడి ఇక్కడే ఉంది. 1910ల నుంచి 1970 దాకా దాదాపు 60 లక్షల మంది నల్లవాళ్లు దక్షిణాది వదిలి షికాగో, డెట్రాయిట్, న్యూయార్క్ లాంటి ఊళ్లకు వలసపోయారు. అక్కడ వాళ్లకు ఓటుంది. ఆర్థిక మాంద్యం దెబ్బకు పనులు పోయిన రోజుల్లో, ఎంత పక్షపాతంతో నడిచినా రూజ్వెల్ట్ పథకాలు వాళ్ల ఇళ్లకు పని, కూడు తెచ్చాయి. 1936 నుంచి ఉత్తరాది నల్లవాళ్లలో మెజారిటీ డెమొక్రాట్లకు వేయడం మొదలుపెట్టారు. అంటే పార్టీలు 'తారుమారు' అయ్యాయని మనం చెప్పుకునే కాలానికి దాదాపు ముప్పై ఏళ్ల ముందే నల్లవాళ్ల ఓటు కదిలింది. కారణం జాతి సమస్య కాదు, కడుపు.

అలా ఒకే పార్టీలో షికాగో నల్ల కార్మికుడూ ఉన్నాడు, వాడికి మిసిసిపీలో ఓటు లేకుండా చేసిన కామందూ ఉన్నాడు. రిపబ్లికన్లలోనూ అంతే. న్యూయార్క్ గవర్నర్ రాక్‌ఫెల్లర్ లాంటి ఉదారవాదులు ఒకవైపు, పశ్చిమాన ప్రభుత్వం పేరెత్తితేనే మండిపడేవాళ్లు ఇంకోవైపు. పార్టీ పేరు చూసి మనిషి అభిప్రాయం చెప్పగలిగే పరిస్థితి అప్పట్లో లేదు. ఈనాటి డెమొక్రాట్‌నూ ఈనాటి రిపబ్లికన్‌నూ తీసుకెళ్లి 1950లో నిలబెట్టి చూస్తే ఈ లెక్క అర్థం కాదు.

మొదటి పగులు 1948లో వచ్చింది. డెమొక్రాట్ అధ్యక్షుడు ట్రూమన్ ఆ ఏడాది సైన్యంలో జాతి విభజన తీసేస్తూ ఉత్తర్వు ఇచ్చాడు. పార్టీ మహాసభ పౌరహక్కులకు మద్దతుగా తీర్మానం చేసింది. దక్షిణ కెరొలైనా గవర్నర్ స్ట్రామ్ థర్మండ్ వేరు కుంపటి పెట్టుకుని అధ్యక్ష పదవికి పోటీ చేసి నాలుగు రాష్ట్రాలు గెలిచాడు. ట్రూమన్ ఎలాగో గట్టెక్కాడు. అలిగినవాళ్లు మెల్లగా తిరిగొచ్చారు.

1964: చూపుడువేలితో ఒక ఓటు

1963 మేలో అలబామాలోని బర్మింగ్‌హామ్ వీధుల్లో నల్లపిల్లల మీదికి పోలీసు కుక్కలను, ఫైరింజన్ నీళ్లను వదిలిన దృశ్యాలు టీవీల్లో ప్రపంచమంతా చూసింది. జూన్‌లో అధ్యక్షుడు కెనెడీ పౌరహక్కుల బిల్లు ప్రకటించాడు. నవంబరులో హత్యకు గురయ్యాడు. బిల్లు భారం ఆయన స్థానంలో అధ్యక్షుడైన ఉపాధ్యక్షుడు, టెక్సాస్ మనిషి లిండన్ జాన్సన్ మీద పడింది. సెనేట్‌లో ఎత్తుగడలన్నీ కాచివడపోసిన మనిషి. తన పార్టీలోని దక్షిణాది సభ్యులు ఎలాగూ ఒప్పుకోరు కనుక రిపబ్లికన్ నాయకుడు ఎవరెట్ డర్క్‌సన్‌ను పట్టుకున్నాడు.

ఫిలిబస్టర్‌తో సెనేట్ నెలల తరబడి స్తంభించింది. చర్చ ఆపడానికి అప్పట్లో మూడింట రెండొంతుల మంది ఒప్పుకోవాలి. జూన్ 10న ఓటింగ్ పెట్టారు. కాలిఫోర్నియా సెనేటర్ క్లెయిర్ ఎంగిల్‌కు మెదడులో కణితి, మాట పడిపోయింది. ఆయన్ను చక్రాల కుర్చీలో సభలోకి తీసుకొచ్చారు. పేరు పిలిస్తే నోరు పెగల్లేదు. చెయ్యి మెల్లగా ఎత్తి కంటి వైపు చూపించాడు. ఇంగ్లిషులో కన్ను, 'అవును' ఓటు, రెండూ పలకడానికి ఒకటే కనుక గుమాస్తా అవును అని రాసుకున్నాడు. మరో ఏడు వారాలకు ఎంగిల్ చనిపోయాడు. 71-29తో చర్చ ముగిసింది. జులై 2న చట్టం వచ్చింది.

చివరి ఓటింగ్‌లో 33 మంది రిపబ్లికన్ సెనేటర్లలో 27 మంది అవునన్నారు. డెమొక్రాట్లలో 46 మంది అవునంటే 21 మంది కాదన్నారు. శాతాల్లో చూస్తే ఈ చట్టానికి రిపబ్లికన్ల మద్దతే ఎక్కువ. వాట్సాప్ వాదనలో ఈ అంకెలు తరచూ తిరుగుతుంటాయి, అబద్ధాలు కావు. అయితే పార్టీ బదులు ప్రాంతం వారీగా విడదీస్తే బొమ్మ మారిపోతుంది. కాదన్న డెమొక్రాట్లు దాదాపు అందరూ దక్షిణాదివాళ్లే. కాదన్న ఆరుగురు రిపబ్లికన్లలో ఒకరు ఆ ఏడాది పార్టీ అధ్యక్ష అభ్యర్థి కాబోతున్న ఆరిజోనా సెనేటర్ బ్యారీ గోల్డ్‌వాటర్.

గోల్డ్‌వాటర్‌ను జాతి దురహంకారి అని కొట్టిపారేస్తే కథ తేలికైపోతుంది కానీ అర్థం కాదు. అంతకుముందు 1957, 1960 పౌరహక్కుల చట్టాలకు ఆయన ఓటేశాడు. హోటల్ యజమాని ఎవరికి గది ఇవ్వాలో, ఫ్యాక్టరీ యజమాని ఎవరికి ఉద్యోగం ఇవ్వాలో కేంద్రం చెప్పకూడదన్నది ఆయన వాదన. ఆ వాదనను అలబామాలో ఎవరు, ఎందుకు చప్పట్లు కొట్టి విన్నారన్నదే ఎన్నికను నడిపించింది. నవంబరులో జాన్సన్ 61 శాతం ఓట్లతో దేశమంతా ఊడ్చేశాడు. గోల్డ్‌వాటర్ గెలిచినవి ఆరు రాష్ట్రాలు. సొంత ఆరిజోనా కాకుండా మిగతా ఐదూ మిసిసిపీ, అలబామా, లూసియానా, జార్జియా, దక్షిణ కెరొలైనా. అధ్యక్ష ఎన్నికలో జార్జియా రిపబ్లికన్‌ను గెలిపించడం అదే మొదలు.

చట్టం మీద సంతకం చేసిన రాత్రి జాన్సన్ దిగులుగా కూర్చుని, దక్షిణాదిని చాలాకాలానికి రిపబ్లికన్లకు అప్పగించేశాం అన్నాడని ఆయన సహాయకుడు బిల్ మోయర్స్ తర్వాత చెప్పాడు. సెప్టెంబరులో థర్మండ్ రిపబ్లికన్ పార్టీలో చేరిపోయాడు. కానీ అలా చేరిన పెద్ద నాయకుల్లో ఆయన ఒంటరి. మన దగ్గర నాయకుడు గోడ దూకుతాడు, ఓటరు ఉన్నచోటే ఉంటాడు. అక్కడ ముందు ఓటరు దూకాడు, నాయకులు మాత్రం సీనియారిటీ, కమిటీ పదవులు చూసుకుంటూ గోడ మీదే దశాబ్దాలు కూర్చున్నారు.

డెమొక్రాట్లేమీ ధర్మరాజులు కారు. ఆ ఆగస్టులోనే అట్లాంటిక్ సిటీలో పార్టీ మహాసభ జరిగింది. మిసిసిపీ నుంచి తెల్లవాళ్ల బృందం ఒకటి వచ్చింది. దానికి పోటీగా, తమను ప్రైమరీకే రానివ్వలేదు కాబట్టి అసలు ప్రతినిధులం మేమే అంటూ హేమర్ బృందం వచ్చింది. ఓటు నమోదు పనిలో ఉన్నందుకు జైల్లో తనను ఎలా కొట్టించారో హేమర్ కమిటీ ముందు చెబుతుంటే, కెమెరాలు ఆవిడ మీంచి తప్పుకునేలా జాన్సన్ అప్పటికప్పుడు విలేకరుల సమావేశం పెట్టించాడు. ఫలితం తిరగబడింది. టీవీవాళ్లు ఆ వాంగ్మూలాన్ని రాత్రి వేళ, జనం అందరూ ఇళ్లలో ఉండే సమయానికి మళ్లీ చూపించారు. చివరికి రెండు సీట్లు ఇస్తామంటే హేమర్ బృందం తీసుకోలేదు.

సెల్మా: నెలకు రెండు సోమవారాలు

1964 చట్టం హోటళ్లు, బస్సులు, ఉద్యోగాల సంగతి చూసింది కానీ ఓటు విషయంలో బలహీనమే. అలబామాలో సెల్మా పట్నం ఉన్న డల్లాస్ కౌంటీలో ఓటు వయసొచ్చిన నల్లవాళ్లు 15 వేల మంది. జాబితాలో ఉన్నది కొన్ని వందల మంది. నమోదు ఆఫీసు నెలకు రెండు సోమవారాలే తెరిచేవాళ్లు. వరసలో నిలబడ్డవాళ్లను కౌంటీ పోలీసు పెద్ద, షెరిఫ్ జిమ్ క్లార్క్ కర్రతో నెట్టించేవాడు. ముగ్గురు, అంతకంటే ఎక్కువ మంది ఒకచోట చేరి పౌరహక్కుల గురించి మాట్లాడకూడదంటూ స్థానిక జడ్జి ఒక ఉత్తర్వు కూడా ఇచ్చాడు.

1965 మార్చి 7 ఆదివారం దాదాపు 600 మంది సెల్మా నుంచి రాజధాని మాంట్‌గోమరీకి నడక మొదలుపెట్టారు. ముందు వరసలో ఇద్దరు. పాతికేళ్ల జాన్ లూయిస్, పక్కన హోసియా విలియమ్స్. ఊరి చివర ఎడ్మండ్ పెటస్ వంతెన. బానిసత్వం కోసం పోరాడిన సైన్యంలో జనరల్‌గా పనిచేసి తర్వాత సెనేటరైన మనిషి పేరది. వంతెన దిగిన చోట రాష్ట్ర పోలీసులు, గుర్రాల మీద క్లార్క్ మనుషులు. రెండు నిమిషాల్లో వెనక్కి వెళ్లాలన్నారు, ఆ రెండు నిమిషాలూ ఆగలేదు. లాఠీలు, టియర్ గ్యాస్. లూయిస్ పుర్రె చిట్లింది. ఆ రాత్రి ఒక టీవీ చానల్ నాజీల మీద విచారణ గురించిన సినిమా వేస్తూ మధ్యలో ఆపి ఈ దృశ్యాలు చూపించింది. చూసినవాళ్లకు వేరే వ్యాఖ్యానం అక్కర్లేకపోయింది.

ఆగస్టు 6న ఓటు హక్కు చట్టం వచ్చింది. దీని గొప్పతనం ఆశయంలో లేదు, అమలు చేసే తీరులో ఉంది. పాత చట్టాలు బాధితుడే కోర్టుకెళ్లి నిరూపించుకోవాలనేవి. ఒక కేసు గెలిచేలోపు రాష్ట్రం ఇంకో కొత్త అడ్డంకి పెట్టేది. కొత్త చట్టం బరువును అటువైపు తిప్పింది. 1964 నవంబరు నాటికి చదువు పరీక్ష లాంటివి పెట్టి, ఓటర్లలో సగం మంది కూడా నమోదు కాని లేదా ఓటేయని ప్రాంతాలను గుర్తించి, అక్కడ ఆ పరీక్షలు రద్దు చేసింది. కేంద్రం నుంచి అధికారులు వెళ్లి నేరుగా పేర్లు రాసుకున్నారు. ఆ ప్రాంతాలు ఎన్నికల నిబంధన ఏది మార్చాలన్నా, పోలింగ్ బూత్ చోటు మార్చాలన్నా సరే, ముందే వాషింగ్టన్ అనుమతి తీసుకోవాలి. మిసిసిపీలో నల్లవాళ్ల నమోదు 7 శాతం లోపు నుంచి 1967కల్లా 60 శాతానికి చేరింది. రెండేళ్లలో! 1966 ప్రైమరీలో సెల్మా షెరిఫ్ క్లార్క్ ఓడిపోయాడు.

వాలెస్ ఓట్లు ఎవరికి?

ఓటు హక్కు చట్టం మీద సిరా ఆరకముందే, ఐదు రోజులకు లాస్ ఏంజెలెస్‌లోని వాట్స్ పేట తగలబడింది. 34 మంది చనిపోయారు. 1967లో నెవార్క్, డెట్రాయిట్. వియత్నాం యుద్ధం ముదిరింది. 1968లో అన్నీ ఒకేసారి మీద పడ్డాయి. మార్చి 31న జాన్సన్ మళ్లీ పోటీ చేయనన్నాడు. ఏప్రిల్ 4న మెంఫిస్‌లో, పారిశుద్ధ్య కార్మికుల సమ్మెకు అండగా వెళ్లిన మార్టిన్ లూథర్ కింగ్‌ను కాల్చి చంపారు. వందకు పైగా ఊళ్లు భగ్గుమన్నాయి. జూన్‌లో కెనెడీ తమ్ముడు రాబర్ట్ కెనెడీ హత్య. ఆగస్టులో షికాగో మహాసభ బయట పోలీసులు యువకులను చితకబాదుతుంటే లోపల జాన్సన్ ఉపాధ్యక్షుడు హంఫ్రీ ఒక్క ప్రైమరీలోనూ పోటీ చేయకుండానే అభ్యర్థి అయ్యాడు.

ఆ ఏడాది అధ్యక్ష ఎన్నికలో రిపబ్లికన్ నిక్సన్‌కు 43.4 శాతం, హంఫ్రీకి 42.7 శాతం వచ్చాయి. వేరుగా నిలబడ్డ అలబామా మాజీ గవర్నర్ జార్జ్ వాలెస్‌కు 13.5 శాతం ఓట్లు, దక్షిణాదిలో ఐదు రాష్ట్రాలు దక్కాయి. "ఈనాడూ విభజనే, రేపూ విభజనే, ఎప్పటికీ విభజనే" అని 1963లో ప్రమాణ స్వీకారం నాడే అన్న మనిషి. నిక్సన్ మనుషుల లెక్క తేలికే. ఈ పదమూడున్నర శాతం మనకు కలిస్తే తిరుగుండదు. అయితే వాలెస్ మాట వాలెస్ గొంతుతో అంటే ఉత్తరాది శివారు కుటుంబాలు భయపడి పోతాయి. అందుకే మాట మారింది. 'శాంతిభద్రతలు' అన్నారు, 'రాష్ట్రాల హక్కులు' అన్నారు, నల్ల, తెల్ల పిల్లలను కలపడానికి బస్సుల్లో వేరే పేటల బడులకు పంపడాన్ని 'బలవంతపు బస్సింగ్' అన్నారు. 1954లో బాహాటంగా తిట్టేవాళ్లం, 1968కి అది కుదరక ఇలాంటి మాటలు వాడాం, తర్వాత పన్నుల కోత దాకా వచ్చాం అని 1981లో లీ అట్వాటర్ అనే రిపబ్లికన్ వ్యూహకర్త ఒక ఇంటర్వ్యూలో ఉన్నదున్నట్టు చెప్పేశాడు. రీగన్ 1980లో పార్టీ అభ్యర్థి అయ్యాక, 1964లో ముగ్గురు ఓటు హక్కు కార్యకర్తలను చంపి మట్టికట్టలో పాతిపెట్టిన నెషోబా కౌంటీలో జరిగే తిరునాళ్లకు వెళ్లి రాష్ట్రాల హక్కుల మీద నమ్మకం ఉందని చెప్పాడు. విన్నవాళ్లకు విషయం బోధపడింది.

ఇక్కడ నిక్సన్‌ను పూర్తిగా విలన్ చేయడానికీ లేదు. మాటల్లో ఎంత ఊరడించినా, దక్షిణాది బడుల్లో విభజన నిజంగా కూలింది ఆయన హయాంలోనే. 1968లో అక్కడి నల్లపిల్లల్లో మూడింట రెండొంతుల మంది పూర్తిగా నల్లవాళ్లే ఉన్న బడుల్లో చదివేవాళ్లు. రెండేళ్లలో అది ఐదో వంతు లోపుకు పడిపోయింది. కోర్టులు తరిమాయి, ప్రభుత్వం చప్పుడు చేయకుండా పని కానిచ్చింది.

కిందిస్థాయిలో మార్పు నత్తనడకే. 1976లో జార్జియా వేరుశనగ రైతు కార్టర్ పాత దక్షిణాదిలో వర్జీనియా తప్ప అన్ని రాష్ట్రాలనూ డెమొక్రాట్లకు గెలిపించాడు. ప్రతినిధుల సభలో దక్షిణాది సీట్లలో రిపబ్లికన్లకు మెజారిటీ 1994లో గానీ రాలేదు. ఆ ఎన్నికల మర్నాడే అలబామా సెనేటర్ రిచర్డ్ షెల్బీ పార్టీ మార్చాడు. జార్జియాలో రిపబ్లికన్ గవర్నర్ 2002లో గెలిచాడు, వెంటనే రాష్ట్ర సెనేట్‌లో నలుగురు డెమొక్రాట్లు దూకేశారు. అలబామా శాసనసభ చేతులు మారింది 2010లో. అధ్యక్షుడి ఓటు నుంచి ఎమ్మెల్యే ఓటు దాకా రావడానికి 46 ఏళ్లు.

జాతి ఒక్కటే కారణం కాదనేవాళ్లున్నారు. వాళ్ల మాటలోనూ పస ఉంది. ఏసీలు వచ్చాక దక్షిణాది శివార్లకు ఉత్తరాది నుంచి ఉద్యోగులు వలస వచ్చారు, తమ రిపబ్లికన్ ఓటు వెంట తెచ్చుకున్నారు. గర్భస్రావం హక్కేనన్న 1973 సుప్రీంకోర్టు తీర్పు తర్వాత చర్చి కుటుంబాలు రాజకీయాల్లోకి దిగాయి. కాకపోతే 1964లో మిసిసిపీ ఇచ్చిన 87 శాతానికి ఏసీలతో, చర్చిలతో సమాధానం దొరకదు. జాతి కోపం దక్షిణాది సొత్తు అనుకోవడమూ పొరపాటే. 1964 డెమొక్రాటిక్ ప్రైమరీల్లో వాలెస్‌కు విస్కాన్సిన్‌లో మూడో వంతు, మేరీల్యాండ్‌లో 40 శాతం పైన ఓట్లు పడ్డాయి. 1974లో బోస్టన్ బడుల్లో పిల్లలను కలపమని కోర్టు ఆదేశిస్తే, సౌత్ బోస్టన్‌లో నల్లపిల్లల బస్సుల మీద రాళ్లు పడ్డాయి. కెనెడీల సొంత ఊరది.

అదే ఏడాది, ఇంకో సంతకం

1965 అక్టోబరు 3న జాన్సన్ మరో చట్టం మీద సంతకం పెట్టాడు. దాన్నంత పట్టించుకున్నవాళ్లు లేరు. ఇదేమీ విప్లవాత్మకమైన బిల్లు కాదని ఆయనే అన్నాడు. 1946 చట్టం ప్రకారం అప్పటిదాకా భారతీయులకు ఏడాదికి కోటా వంద మంది! కొత్త చట్టం జాతుల కోటా ఎత్తేసి ఒక్కో దేశానికి 20 వేల దాకా పరిమితి పెట్టింది. గుంటూరు, విశాఖ, హైదరాబాద్ మెడికల్ కాలేజీల డాక్టర్లు విమానాలెక్కడం ఆ తర్వాతి సంగతే. పౌరహక్కుల ఉద్యమం పుట్టించిన వాతావరణం లేకపోతే ఈ చట్టం ఇంత త్వరగా వచ్చేది కాదు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో కూర్చుని "ఆ గొడవలు మనవి కావులే" అనే తెలుగువాళ్లను చూసినప్పుడు నాకు ఈ తేదీలు పక్కపక్కన పెట్టి చూపించాలనిపిస్తుంది.

అట్లాంటా ఉత్తరాన ఫోర్సైత్ కౌంటీ ఉంది. 1912లో అక్కడ తెల్లవాళ్ల గుంపులు సుమారు 1,100 మంది నల్లవాళ్లను ఊళ్లనుంచి తరిమేశాయి. డెబ్భై ఏళ్లకు పైగా ఆ కౌంటీలో నల్లమనిషి దాదాపు కనిపించలేదు. 1987 జనవరిలో అక్కడ నిరసన యాత్ర చేసి రాళ్ల దెబ్బలు తిన్న నాయకుడు సెల్మా వంతెన మీద నడిచిన హోసియా విలియమ్సే. సరిగ్గా వారానికి 20 వేల మందితో మళ్లీ వచ్చాడు. ఆ ఫోర్సైత్‌లో ఇప్పుడు జనాభాలో పదిహేను శాతం పైగా ఆసియా మూలాలవాళ్లు. కమింగ్ అనే ఊరి పరిసరాల్లో తెలుగు కుటుంబాలు కాలనీలకు కాలనీలే ఉన్నాయి. 2012లో ఆ కౌంటీ రిపబ్లికన్ రామ్నీకి 80 శాతం ఓట్లు వేసింది. 2020లో ట్రంప్‌కు 66 శాతం దగ్గర ఆగింది. జార్జియా మొత్తంలో బైడెన్ గెలిచింది 11,779 ఓట్ల తేడాతో.

ఇక చట్టం సంగతి. 2013లో అలబామాలోని షెల్బీ కౌంటీ వేసిన కేసులో సుప్రీంకోర్టు 5-4తో తీర్పిచ్చింది. ఏ ప్రాంతాలకు ముందస్తు అనుమతి కావాలో తేల్చే సూత్రం పాతబడిపోయిందని దాన్ని కొట్టేసింది. సూత్రం లేకపోతే అనుమతి నిబంధన ఉన్నా లేనట్టే. అదే రోజు టెక్సాస్ తన ఓటరు గుర్తింపు కార్డు చట్టాన్ని అమల్లో పెడతామంది. పదేళ్లకు, 2023లో, అలబామా నియోజకవర్గాల హద్దులు నల్లవాళ్ల ఓటును పలుచన చేస్తున్నాయని అదే కోర్టు మళ్లీ 5-4తో చెప్పింది. రెండు తీర్పులూ రాసింది ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్సే. హద్దులు మార్చి గీశాక 2024లో షొమారీ ఫిగర్స్ గెలిచాడు. అలబామా నుంచి ఇద్దరు నల్లజాతి సభ్యులు ఒకేసారి ప్రతినిధుల సభలో కూర్చోవడం అదే మొదటిసారి. ఇద్దరూ డెమొక్రాట్లు. ఆ ఎన్నికల్లో రాష్ట్రం నుంచి గెలిచిన మిగతా ఐదుగురూ తెల్లవాళ్లు, ఐదుగురూ రిపబ్లికన్లు.